ఆ బ్యాండ్ మీకెలా తెలిసింది

మొదటిసారి ఆ పాట విన్నప్పుడు నాకు కడుపులో తిప్పింది. ఇష్టమైన బ్యాండ్ గురించి చెప్పమంటే చాలామంది ఒళ్ళు జలదరించిందంటారు, కళ్ళు తెరుచుకున్నాయంటారు. నాకైతే పొద్దున తిన్న ఉప్మా పైకి వచ్చేలా ఉంది. పాడేవాడి గొంతు ఎండిపోయిన బావి అడుగునుంచి వస్తున్నట్టుంది. దాని వెనకాల బేస్ గిటార్ ఒకటే మోత. ఎక్కడా ఊపు లేదు, పల్లవి ఏదో చరణం ఏదో తెలియడం లేదు.

"ఆపెయ్యవే తల్లీ, శవం లేచి మూలిగినట్టుంది" అని ఇయర్‌ఫోన్ లాగేసి నా రూమ్మేట్ ఒళ్ళోకి విసిరేశాను.

"మూలిగితే మూలగనీ. సాంబారు తాగమంటే తాగుతున్నావుగా, దీనికేం" అంది ఆమె.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. గుంటూరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదువుతున్నాం. హాస్టల్ ఒకప్పుడు పొగాకు గోడౌను. మధ్యలో ప్లైవుడ్ కొట్టి గదులు చేశారు. ఎన్ని సున్నాలు వేసినా గోడల్లోంచి పొగాకు ఘాటు పోలేదు. దానికి తోడు మూసుకుపోయిన బాత్రూములు, తడి ఆరని బట్టలు, కిటికీ తీస్తే మిర్చి యార్డు వైపునుంచి ముక్కులు మండించే మిరపకాయల కోరు. సాంబారులో బొద్దింక వస్తే తీసి పళ్ళెం అంచున పెట్టి మిగతాది తినే స్థాయికి వచ్చాం. ఆ రెండేళ్ళూ నాకు ప్రతిదీ రోతగానే ఉండేది, ఎంసెట్ ర్యాంకుల పాటతో సహా.

నా రూమ్మేట్‌ది అద్దంకి. వాళ్ళ నాన్న టైలరు. ముస్లిములే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ళ అన్న బస్టాండు దగ్గర క్యాసెట్లలో పాటలు రికార్డు చేసే కొట్టు నడిపేవాడు. కొత్త క్యాసెట్లు కొనే బదులు మద్రాసునుంచి పాత ఇంగ్లిష్ క్యాసెట్లు గోనెసంచుల్లో తెచ్చి, వాటిమీదే సినిమా పాటలెక్కించి అమ్మేవాడు. ఆ సంచిలోంచి చెరిపెయ్యకుండా ఆమె దాచుకున్న ఒకే ఒక్క క్యాసెట్ ఇది. దాచేసరికే ఒకవైపు పోయింది. అటు తిప్పితే అమ్మోరి జాతర పాటలు. ఇటువైపు కూడా చివరి పాట సగంలో ఆగిపోయి, డప్పు మోతలోకి పడిపోతుంది. పైనున్న కాగితం ఊడిపోయింది కాబట్టి బ్యాండు పేరేమిటో ఆమెకూ తెలియదు. "చీకటోళ్ళు" అని తనే పేరు పెట్టుకుంది.

తర్వాతి ఆదివారం నేనే అడిగి మళ్ళీ విన్నాను. ఎందుకు అడిగానో అప్పుడు చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని. వింటూ ఉండగా ఒకటి గమనించాను. వీడు చావు గురించే పాడుతున్నాడని అర్థమవుతోంది, కానీ ఏడవడం లేదు. మనల్నీ ఏడవమనడం లేదు. తనకి కూడా రోతగానే ఉన్నట్టు, చెప్పాల్సిందేదో చెప్పేసి తప్పుకుంటున్నాడు.

అది నాకు ఎందుకంత పట్టిందో చెప్పాలంటే మా బాబాయి సంగతి చెప్పాలి.

మాది సత్తెనపల్లి పక్కన పల్లె. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, తొంభైల చివర్లో, పత్తిని పచ్చపురుగు తినేసింది. ఒక్క మా పొలాన్నే కాదు, చుట్టుపక్కల అందరిదీ. బాబాయి మందు మీద మందు కొట్టాడు. కాయలో పురుగు కులాసాగా తిరుగుతూనే ఉంది. ఒకరోజు పొద్దున్నే చేలోకి వెళ్ళినవాడు మిగిలిన మందు తాగి గట్టుమీద పడున్నాడు.

శవాన్ని తెచ్చి అరుగుమీద పడుకోబెట్టారు. మనిషి దగ్గర బాబాయి వాసన లేదు, మందు వాసనే. నోటి పక్కన ఎండిన నురగని మా నాన్న తువ్వాలుతో తుడుస్తుంటే, వెనకాల వేపచెట్టు కింద కూర్చున్న మా చుట్టాల్లో ఒకాయన అన్నాడు: "కల్తీ మందంట. పురుగు చావలా, మనిషి మాత్రం టక్కున చచ్చాడు." పక్కనున్న ఇద్దరు ముగ్గురు నోటికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను విన్నాను. మా పిన్ని కూడా విన్నదనే అనుకుంటాను.

మధ్యాహ్నానికి పత్రికలవాళ్ళూ ఒక టీవీ కెమెరా అతనూ వచ్చారు. మా పిన్ని అప్పటికే ఏడ్చి ఏడ్చి గొంతు పోయి గోడకి ఆనుకుని కూర్చుంది. కెమెరా అతను మర్యాదగానే మాట్లాడాడు. అదే నాకిప్పటికీ మింగుడుపడదు.

"అమ్మా, ఆ మందు డబ్బా ఒకసారి చేత్తో పట్టుకోండి. కొంచెం ఇటు తిరగండి. లైటు చాల్లేదు. ఇందాకటిలా ఇంకొక్కసారి ఏడవండమ్మా."

పిన్ని డబ్బా అందుకుంది. దాన్ని గుండెల దగ్గర పెట్టుకుని, "ఇట్లానా అండీ?" అని అడిగింది.

తర్వాత ఒక నాయకుడొచ్చాడు. పిన్ని కొడుకు తలమీద చెయ్యి పెట్టి ఫోటో దిగాడు. కారెక్కేముందు ఆ చేతిని జేబురుమాలుతో తుడుచుకున్నాడు. పిల్లాడి తలకి నూనె ఉంది మరి.

ఆ తర్వాత నాకు విషాద గీతాలంటే గిట్టేది కాదు. రేడియోలో వయొలిన్ సాగదీయడం మొదలవగానే ఎవరో లైటు సర్దుతున్నారనిపించేది. ఈ చీకటోళ్ళ పాటలో ఆ సాగదీత లేదు. అందుకని వింటూ వచ్చాను. విని విని మాటలు పూర్తిగా తెలియకుండానే పాటలన్నీ నోటికొచ్చేశాయి. చివరి పాట సగంలో జాతర డప్పు ఎక్కడ పడుతుందో కూడా మా ఇద్దరికీ కంఠతా వచ్చు. పళ్ళు తోముకుంటూ అక్కడిదాకా పాడి, ఆ డప్పు కూడా నోటితోనే కొట్టేవాళ్ళం.

ఇంటర్ అయ్యాక వేసవిలో ఆ క్యాసెట్ ఇంటికి తెచ్చుకున్నాను. పిన్ని అప్పటికి కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఎంత కడిగినా వేళ్ళ మంట పోదు. కళ్ళు నలుపుకోవాలన్నా మోచేత్తో నలుపుకునేది. ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని, "ఏంటే, ఎప్పుడూ ఆ తీగలు చెవుల్లో పెట్టుకుని" అంటే ఒక ఇయర్‌ఫోన్ నేనే ఆమె చెవిలో పెట్టాను. కాసేపు బుద్ధిగా వింది. "పాపం ఎవరో, కడుపునొప్పితో ఉన్నట్టున్నాడు. వాము నీళ్ళు తాగమను" అని తీసేసి లోపలికెళ్ళి పొయ్యి వెలిగించుకుంది. ఆమె మనస్ఫూర్తిగా అన్న మాట అది. ఆ బ్యాండు గురించి నేను విన్న విమర్శల్లో అంతకన్నా మంచిది ఇంకొకటి లేదు.

నాకూ నా రూమ్మేట్‌కీ ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో సీట్లు వచ్చాయి. కాలేజీ ముందు ఒక నెట్ సెంటరు. ప్లైవుడ్ అరలు, ప్రతి అరకీ ఒక కర్టెను. మాకన్నా ముందు కూర్చున్న మగపిల్లలు ఏం చూసి లేచారో తెరమీద ఇంకా కనిపిస్తూ ఉండేది. కీబోర్డు జిగురు జిగురుగా అంటుకునేది. నా స్నేహితురాలు చున్నీ అంచుతో ఒక్కో మీటా తుడిచి, మాకు వినబడినట్టుగా ఆ పాట మాటల్ని టైపు చేసింది. మాకు వినబడినవి చాలావరకు తప్పు. అయినా దొరికింది. బ్యాండుకి పేరుంది, ఆ రకం సంగీతానికీ ఒక పేరుంది, గోథిక్ రాక్. ఫోటోలు కూడా ఉన్నాయి.

ఫోటోలు చూసి మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ముఖాలకి సున్నంలా తెల్ల పౌడరు, కళ్ళకి కాటుక, మగాళ్ళకి లిప్‌స్టిక్. జుట్టు కాకిగూడు.

"వీళ్ళేంటే, పగటివేషగాళ్ళలా ఉన్నారు" అంది ఆమె నీరసంగా. ఇన్నేళ్ళూ మా ఊహలో అతనికి మామూలు చొక్కానే ఉండేది. ఆ పౌడరు చూశాక కొన్నాళ్ళు పాట వింటే నవ్వొచ్చేది, ఆ నవ్వుకి చిరాకొచ్చేది. అయినా చెరిగిపోయిన రెండోవైపు పాటలు రోజుల తరబడి ముక్కలు ముక్కలుగా దించుకుని విన్నాం. బాగానే ఉన్నాయి. డప్పు లేని చోట కూడా డప్పు కోసం చూశాం.

ఆ వెతుకులాటలోనే అభిమానుల గుంపు ఒకటి కనిపించింది. ప్రపంచం నలుమూలలనుంచీ రాసుకుంటారు. అందులో అందరూ ఎగబడి జవాబు చెప్పే ప్రశ్న ఒకటుంది: ఈ బ్యాండ్ మీకెలా తెలిసింది? ఒకడు వానలో శ్మశానం పక్కన విన్నాడట. ఒకామె ప్రేమించినవాడు వదిలేసిన రోజు విన్నదట. చదువుతుంటే ఎవరి దుఃఖం పెద్దదో తేల్చుకునే పోటీలా ఉంది. నేనేమీ రాయలేదు. నా స్నేహితురాలు మాత్రం తను ఆంధ్రాలో ఫలానా కాలేజీలో చదువుతున్నానని ఒక ముక్క రాసింది. దానికి మా కాలేజీనుంచే ఒకతను జవాబిచ్చాడు.

మాకు సీనియరు. ఒంగోలు అబ్బాయి. వాళ్ళ నాన్నది విత్తనాలు, పురుగుమందుల పెద్ద కొట్టు. ఆ మాట అతనే చెప్పాడు, బైకు ఎవరు కొనిచ్చారని అడిగినప్పుడు. ఎండాకాలంలో కూడా నల్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకునేవాడు, చిటికెన వేలి గోరుకి నల్లరంగు. మనలాంటివాళ్ళం కలవాలి అన్నాడు. మనలాంటివాళ్ళం అన్న మాటకే నాకు ఒంటిమీద జెర్రి పాకినట్టయింది. కానీ ఆ పాటల గురించి మేమిద్దరం కాక ఇంకొకరితో మాట్లాడటమంటే ఆశగానూ ఉంది. వెళ్ళాం.

మాఘమాసంలో ఒక ఆదివారం, వాడరేవు బీచి. అతనూ, అతని స్నేహితులు ఇద్దరూ, మేమిద్దరం. ఇసుకమీద నెత్తళ్ళ చేపలు ఎండబోశారు, గాలి అంతా అదే వాసన. అతను జేబురుమాలు ముక్కుకి కట్టుకున్నాడు. చెమటకి కాటుక కారి బుగ్గలదాకా వచ్చింది. సరుగుడు తోపు నీడలో కూర్చున్నాక అతనే మొదలుపెట్టాడు.

"ఎలా తెలిసిందో తలా ఒకటి చెప్పాలి. నాది బోరు. బెంగుళూరు కజిన్ సీడీ ఇచ్చాడు, అంతే."

స్నేహితులిద్దరికీ ఇతనే వినిపించాడు. నా స్నేహితురాలు గోనెసంచి క్యాసెట్ కథ చెబితే అందరూ నవ్వారు. నా వంతు వచ్చింది. దాటేద్దామనే అనుకున్నాను. కానీ బాబాయి గురించి నన్ను అడిగినవాళ్ళే లేరు అప్పటిదాకా. మా ఇంట్లో ఆయన మాటెత్తరు. నోరు తెరిచాక ఆగలేదు. చేను, అరుగు, వేపచెట్టు కింద నవ్వు, డబ్బా, "ఇట్లానా అండీ" అన్నీ చెప్పాను. పిన్ని ఇయర్‌ఫోన్ పెట్టుకున్న సంగతి మాత్రం చెప్పలేదు.

అతను నల్లకళ్ళద్దాలు తీసేసి విన్నాడు.

"అబ్బ," అన్నాడు చివర్లో, "ఆ డబ్బా పట్టుకోవడం ఉంది చూశారా. ఏం సీను అది."

నాకు అక్కడే లేచి వచ్చేయాలనిపించింది. కానీ బస్సుకి ఇంకా టైముంది.

తర్వాత ఒడ్డున నడుస్తుంటే చచ్చిన తాబేలొకటి కొట్టుకొచ్చి ఉంది. ఈ కాలంలో మామూలే. కళ్ళు పక్షులు పొడుచుకుపోయాయి, మెడ ఉబ్బింది, తోలు ఊడుతోంది. అతని ముఖం వెలిగిపోయింది. స్నేహితుడికి కెమెరా ఇచ్చి, జేబురుమాలు విప్పేసి, దాని పక్కన ఇసుకలో పడుకున్నాడు. దాని తలమీద నల్లగోరున్న చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. ఆ కంపుకి నేను దూరంగా వెళ్ళి నిజంగానే కక్కుకున్నాను.

నెత్తళ్ళు తిరగేస్తున్న ఒకావిడ పని ఆపి చూసింది. "ఏందయ్యా అది? చచ్చినదాంతో ఫోటోలేంది? లేచి చేతులు కడుక్కో, రోగాలొస్తయ్" అంది. అతను కళ్ళు తెరవకుండానే, "ఇంకోటి తియ్యరా" అన్నాడు.

ఆ తర్వాత కొన్ని వారాలకి నా స్నేహితురాలు నెట్ సెంటరునుంచి గబగబా వచ్చి నన్ను లాక్కెళ్ళింది. ఆ ప్రశ్న కింద కొత్త జవాబొకటి ఉంది, పక్కన తాబేలు ఫోటో. పేరు అతనిది. ఇంగ్లిష్ బాగుంది. పత్తి పండించే తన తండ్రి పురుగుమందు తాగి చనిపోయాడట. కెమెరావాళ్ళు వచ్చి తన తల్లికి డబ్బా ఇచ్చి ఇంకోసారి ఏడవమన్నారట. ఆమె "ఇలాగేనా" అని అడిగిందట. ఆ రాత్రే తను మొదటిసారి ఈ బ్యాండ్ విన్నాడట. వేపచెట్టు కింద నవ్వు కూడా ఉంది, కండువాతో సహా. కింద ఎక్కడెక్కడివాళ్ళో రాసిన ఓదార్పులు బారులు తీరాయి. ఒకామె అతని తల్లిమీద కవితే రాసింది. అతను ఒక్కొక్కళ్ళకీ వినయంగా కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

నాకు ఏడుపు రాలేదు. అన్నంలో వెంట్రుక నాలుకకి చుట్టుకున్నప్పటి అసహ్యం. లాగుతున్న కొద్దీ వస్తూనే ఉంది.

మర్నాడు అతన్ని క్యాంటీన్లో పట్టుకున్నాను.

"మీ నాన్నగారు ఎలా ఉన్నారు?" అన్నాను.

అతనికి అర్థమైంది. టీ గ్లాసు తిప్పుతూ, "నేను ఎవరి పేరూ రాయలేదు కదండీ" అన్నాడు.

"పేరు ఉంటే తేలిగ్గా ఉండేది. అది మా బాబాయి చావు."

"ఎవరిదైతే ఏంటి, అందరికీ చేరింది కదా. చూశారా ఎంతమంది కదిలిపోయారో? మీరైతే రాసేవారు కాదు. ఊరికే వేస్టయ్యేది."

వేస్టయ్యేది. ఆ మాట అతను తప్పనుకుని అనలేదు. నాకు మంచి చేశాననే అనుకుంటున్నాడు.

"తీసెయ్" అన్నాను. అప్పటిదాకా మీరు అంటున్నదాన్ని, ఆ క్షణాన నువ్వయిపోయాడు.

తీయలేదు. ఆ గుంపులో నేను నిజం రాస్తే, తండ్రి పోయిన మనిషిని బాధపెట్టొద్దని ఎవరో నన్ను మందలించి నా రాతే తీసేశారు.

నేను అక్కడితో వదిలేసేదాన్నేమో. నా స్నేహితురాలు వదల్లేదు. అదంతా ప్రింటు తీయించి, కింద తెలుగులో చక్కటి దస్తూరీతో అర్థమూ, నా పేరూ రాసి, ఒంగోలు కొట్టు అడ్రసుకి పోస్టు చేసేసింది. చేశాక నాకు చెప్పింది. "బతికున్నాయనకి తెలియొద్దూ తను చచ్చాడని" అంది.

ఆయన వచ్చాడు. హాస్టల్ విజిటర్స్ రూములో కూర్చున్నాడు. తెల్లచొక్కా, చేతికి బంగారు గడియారం, పెద్దమనిషి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"కూర్చో అమ్మా. మావాడు పెద్ద తప్పు చేశాడు. బతికున్న తండ్రిని చంపేశాడు వెధవ. మా ఇంటావిడ ఒకటే ఏడుపు, అపశకునమని. తీయించేశాను, ఇక కనపడదు." చేతి గడియారం సర్దుకున్నాడు. "ఆ పోయినాయన మీ బాబాయి గారేనా?"

అవునన్నాను. ఆయన కళ్ళల్లో నిజంగానే జాలి కనిపించింది. నేను మెత్తబడుతున్నాను కూడా. అప్పుడు గొంతు తగ్గించి అడిగాడు.

"ఏ మందు తాగాడో తెలుసా అమ్మా? కంపెనీ పేరేమన్నా గుర్తుందా?"

ఆ డబ్బామీది పేరు నేనెప్పటికీ మర్చిపోను. చెప్పాను.

ఆయన భుజాలు దిగాయి. కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి వదిలాడు.

"ఆ కంపెనీ మందు మా కొట్లో పెట్టం అమ్మా. అసలు సత్తెనపల్లి సైడు మా సరుకు రాదు." వెళ్ళేముందు బత్తాయిల సంచి బల్లమీద పెట్టాడు. ముట్టుకోబుద్ధి కాలేదు. వార్డెను తీసుకెళ్ళి పంచిపెట్టింది.

ఆ ఏడాది చివర్లో, కోర్సు ముగిసి వెళ్ళిపోతూ, సీనియరు నా స్నేహితురాలి చేతికి ఒక సీడీ ఇచ్చి పంపాడు. ఆ బ్యాండు ఎక్కడో స్టేజిమీద పాడిన పాటలు, బయట దొరకనివి. క్షమాపణ మాటేమీ లేదు. విరిచేద్దామన్నాను నేను.

"పాటలేం చేశాయే" అని ఆమె కంప్యూటర్లో పెట్టింది.

పాడేవాడి గొంతు కాస్త ముసలిదైంది, కానీ అదే గొంతు. పాట మొదలవగానే వేలమంది ఒక్కసారిగా కేకలు పెట్టారు. ఈలలు, చప్పట్లు. చావు గురించి అతను మెల్లగా ఏదో చెబుతుంటే, ఆ మాటలు ముందే వచ్చినవాళ్ళంతా అతని నోట్లోంచి లాక్కుని అరుస్తున్నారు. ఒకమ్మాయి మైకు పక్కనే ఉన్నట్టుంది, పాట పొడుగునా నవ్వుతూనే ఉంది.

"ఆపెయ్యవే" అన్నాను.

ఈసారి ఆమె వెంటనే చెయ్యి చాపి ఆపేసింది. మెస్ గంట కొట్టారు, పళ్ళేలు తీసుకుని వెళ్ళాం. పెరుగు పులిసిపోయి ఉంది.